కీరదోస బూడిద తెగులు: మందు పేరు పక్కన గ్రూపు సంఖ్య రాయాలి

సంపాదకుల వారికి,

నమస్కారం. పాలీహౌస్‌లో, అంటే ప్లాస్టిక్ షీటు కప్పిన ఇంట్లో, పెంచే కీరదోసకు వచ్చే బూడిద తెగులు నివారణ గురించి మీ పత్రిక వ్యవసాయ పేజీలో ఈ మధ్య వచ్చిన సలహా చదివి ఈ ఉత్తరం రాస్తున్నాను. ఆకుల మీద తెల్లని పొడి మచ్చలు కనిపించగానే హెక్సాకోనజోల్ గాని, డైఫెనోకోనజోల్ గాని, టెబుకోనజోల్ గాని వారం పది రోజుల తేడాతో మార్చి మార్చి పిచికారీ చేయాలని అందులో రాశారు. మందు మార్చమని చెప్పడం సరైనదే. అయితే ఆ మూడు మందులూ ఒకే గ్రూపుకు చెందినవి, మూడూ తెగులు తెచ్చే శిలీంధ్రాన్ని ఒకే చోట దెబ్బ తీసేవి. ఆ సలహా పాటించిన రైతు మూడుసార్లు డబ్బు పెట్టి మూడు పేర్లున్న డబ్బాలు కొన్నా, తెగులు లెక్కలో ఒకే మందును మూడుసార్లు కొట్టినట్టే అవుతుంది. ఆ తప్పు నేను మూడు చలికాలాలు చేశాను. మీ పాఠకుల్లో ఉన్న నాలాంటి రైతులు చేయకూడదని ఇంత వివరంగా రాస్తున్నాను.

మాది ఒడిశాలోని రాయగడ జిల్లా, గుణుపురానికి దగ్గరలో వంశధార పక్కన ఉన్న ఊరు. ఇంట్లోనూ సంతలోనూ తెలుగు, బడిలోనూ ఆఫీసుల్లోనూ ఒడియా. పావెకరంలో, అంటే సుమారు 1000 చదరపు మీటర్లలో, కొంత ప్రభుత్వ రాయితీతో, కొంత బ్యాంకు అప్పుతో పాలీహౌస్ వేసుకుని కీరదోస పండిస్తున్నాను. కాయలు గుణుపురం, పర్లాకిమిడి, రాయగడ మార్కెట్లకు వెళతాయి; ధర బాగుంటే విశాఖపట్నం కూడా పంపుతాం. మందులు మాత్రం ఏ పని మీద ఏ ఊరు వెళితే ఆ ఊళ్లోనే కొనుక్కుంటాం: ఒకసారి గుణుపురం, ఒకసారి కొత్తూరు, ఒకసారి పార్వతీపురం. ఒకే మందు ఆంధ్ర సరిహద్దుకు ఇటు ఒక కంపెనీ పెట్టిన పేరుతో, అటు మరో కంపెనీ పెట్టిన పేరుతో దొరుకుతుంది. ఇటు కొన్న డబ్బాలోని కాగితం ఒడియాలో ఉంటుంది, అటు కొన్నదానిలోది తెలుగులో ఉంటుంది, కొన్నిటిలో రెండూ ఉండవు. లోపల ఉన్న అసలు మందు పేరు, అంటే మేము టెక్నికల్ పేరు అనేది, పెద్ద అక్షరాల బ్రాండు పేరు కింద చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటుంది. మాలో ఎంతమంది దాన్ని చదివి కొంటారో మందుల దుకాణాల వారికి బాగా తెలుసు.

మొదటి చలికాలం బూడిద తెగులు వచ్చినప్పుడు రెండు పిచికారీలతో ఆగిపోయింది. రెండో ఏడు ఐదుసార్లు కొట్టవలసి వచ్చింది. మూడో ఏడు కార్తీకంలో అడుగు ఆకుల మీద మొదలైన మచ్చలు పుష్యమాసానికల్లా తీగ కొస వరకు పాకాయి; పదిసార్లు పిచికారీ చేశాను, డోసు పెంచాను, రెండేసి మందులు కలిపి కొట్టాను, అయినా ఆకులు పిండి చల్లినట్టు తెల్లబడి, పసుపెక్కి, అంచుల నుంచి ఎండిపోయాయి. మరో నెల కోతలు రావలసిన తోటను ముందే పీకి పారేయవలసి వచ్చింది. మందు నకిలీదని నేను దుకాణదారుతో గొడవ పడ్డాను. నేను సరిగా కొట్టలేదని ఆయన అన్నాడు. ఇద్దరం పొరపాటే పడ్డాం. ఆ తర్వాత పిచికారీ నోటుపుస్తకం ముందేసుకుని, మా అబ్బాయి చేత ప్రతి డబ్బా టెక్నికల్ పేరు చదివించి పక్కన రాసుకున్నాను. పది పిచికారీలకు నేను వాడిన బ్రాండ్లు ఏడు. వాటిలో ఉన్న గ్రూపులు మూడే. అందులోనూ రెండు గ్రూపుల మందులనే ఎనిమిదిసార్లు కొట్టాను.

గ్రూపు అంటే ఏమిటో చెప్పాలి. మందులకు తెగుళ్లు లొంగకుండా పోవడం గురించి పనిచేయడానికి మందుల కంపెనీల శాస్త్రవేత్తలే కలిసి 1981లో ఫ్రాక్ అనే అంతర్జాతీయ సంఘం పెట్టుకున్నారు. శిలీంధ్రంలో ఏ భాగాన్ని, ఏ పనిని మందు అడ్డుకుంటుందన్న దాన్ని బట్టి ప్రతి మందుకూ ఆ సంఘం ఒక సంఖ్య ఇచ్చింది. కార్బెండజిమ్, థయోఫనేట్ మిథైల్ గ్రూపు 1. హెక్సాకోనజోల్, టెబుకోనజోల్, డైఫెనోకోనజోల్, మైక్లోబ్యుటానిల్ గ్రూపు 3. అజాక్సీస్ట్రోబిన్, ట్రైఫ్లాక్సీస్ట్రోబిన్, క్రెసాక్సిమ్ మిథైల్ గ్రూపు 11. ఒక గ్రూపులోని ఒక మందుకు శిలీంధ్రం అలవాటు పడిందంటే ఆ గ్రూపులోని మిగతా మందులకూ చాలావరకు అలవాటు పడినట్టే. థయోఫనేట్ మిథైల్ సంగతి మరీ స్పష్టం: మొక్కలోకి వెళ్లాక అది కార్బెండజిమ్‌గానే మారుతుంది. కార్బెండజిమ్ పనిచేయలేదని థయోఫనేట్ మిథైల్ కొన్నవారు అదే మందును మళ్లీ కొన్నారన్నమాట.

అలవాటు పడటం అంటే ఒక్కొక్క శిలీంధ్రం మందు తాగి తాగి గట్టిపడటం అని చాలామంది అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. జరిగేది అది కాదు. శిలీంధ్రం గాలిలోకి వదిలే పొడిలాంటి కోట్ల బీజాల్లో ఎక్కడో ఒకటో రెండో పుట్టుకతోనే ఆ మందుకు లొంగనివి ఉంటాయి. మందు కొట్టినప్పుడు లొంగేవి చస్తాయి, లొంగనివి మిగులుతాయి, మిగిలినవే పెరుగుతాయి. మళ్లీ అదే గ్రూపు మందు కొడితే మనమే వాటికి పోటీ లేకుండా చేసి తోట మొత్తం అప్పగించినట్టు. కీరదోసను పట్టే బూడిద తెగులు శిలీంధ్రం పేరు పోడోస్ఫీరా జాంథీ. అది మొలకెత్తడానికి ఆకు మీద నీటి తడి అక్కర్లేదు, గాలిలో తేమ చాలు. పడిన బీజం వారం లోపే మళ్లీ బీజాలను గాలిలోకి వదులుతుంది. వారానికి ఒక తరం అనుకున్నా వంద రోజుల పంటలో పద్నాలుగు తరాలు గడుస్తాయి. బయటి పొలంలో అయితే వాన పడి కొన్ని బీజాలు కడుక్కుపోతాయి, చుట్టుపక్కల మందు తగలని మొక్కల నుంచి లొంగే రకం బీజాలు గాలికి వచ్చి కలుస్తాయి. పాలీహౌస్‌లో వాన లేదు, బయటి గాలి తక్కువ, మొక్కలు దగ్గర దగ్గరగా నీడలో ఉంటాయి, ఒక పంట తీయగానే మరొకటి పెడతాం. మనం మొక్క సుఖం కోసం కట్టిన ఇల్లే లొంగని శిలీంధ్రానికి నిలకడైన చోటు అవుతుంది.

ఇది కొత్త సంగతి కాదు, మనకు కొత్త. నెదర్లాండ్స్ గాజు ఇళ్లలో కీరదోస బూడిద తెగులు కోసమే డైమెథిరిమోల్ అనే మందు 1968లో వచ్చింది. రెండేళ్లు తిరిగేసరికి, 1970 నాటికి, అక్కడి తోటల్లో అది పనిచేయక విరమించుకోవలసి వచ్చింది. కార్బెండజిమ్ కుటుంబానికి చెందిన బెనోమిల్‌కు దోసజాతి తీగల బూడిద తెగులు లొంగడం లేదని అమెరికాలో 1969లోనే ప్రకటించారు. గ్రూపు 11 మందులు 1996 ప్రాంతంలో మార్కెట్‌లోకి రాగా, జపాన్ కీరదోస తోటల్లో 1999 నాటికే లొంగని బూడిద తెగులు బయటపడింది. ఈ తేదీలన్నీ నేను తోట పీకేసిన తర్వాత తెలుసుకున్నాను. దోస బూడిద తెగులు ప్రపంచంలో మందులకు అన్నిటికంటే ముందు ఎదురు తిరిగే తెగుళ్లలో ఒకటని ముందే ఎవరైనా చెప్పి ఉంటే డోసు పెంచే పని చేసేవాడిని కాదు.

డోసు గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే మా ప్రాంతంలో దుకాణాల దగ్గర వినిపించే మొదటి మాట అదే. గ్రూపు 11 మందు శిలీంధ్రంలో శక్తి తయారయ్యే చోట ఒక ప్రోటీన్‌కు అతుక్కుంటుంది. ఆ ప్రోటీన్‌లో 143వ స్థానంలో ఒకే ఒక్క అమైనో ఆమ్లం మారితే మందుకు పట్టు దొరకదు. అప్పుడు డోసు రెట్టింపు చేసినా, నాలుగింతలు చేసినా ఫలితం ఉండదు. కాయ మీద మందు మిగలడం, డబ్బు పోవడం తప్ప జరిగేదేమీ లేదు. గ్రూపు 3 సంగతి వేరు. అక్కడ శక్తి మెట్టు మెట్టుగా తగ్గుతుంది: మొదటి ఏడు పది రోజులు కాపాడిన మందు తర్వాత వారమే కాపాడుతుంది, ఆ తర్వాత నాలుగు రోజులు. అక్కడ డోసు తగ్గించి కొట్టడమే ఎక్కువ చేటు, సగం లొంగిన శిలీంధ్రాలన్నీ బతికి బట్టకడతాయి. ఒకే మాట రెండు గ్రూపులకూ పనికిరాదు, అందుకే గ్రూపు తెలియాలి అంటున్నాను.

కలిపి అమ్మే మందుల మీద కూడా ఒక అపోహ ఉంది. రెండు మందులు కలిసి ఉంటే తెగులుకు అలవాటు కాదని కంపెనీ ప్రతినిధులు చెబుతారు. రెండూ ఆ తెగులు మీద పనిచేసేవైతేనే ఆ మాట నిజం. మన దగ్గర బాగా అమ్ముడుపోయే కార్బెండజిమ్ 12 శాతం, మాంకోజెబ్ 63 శాతం మిశ్రమంలో మాంకోజెబ్ ఇతర ఆకుమచ్చలకు, బూజు తెగులుకు మంచిదే గాని, బూడిద తెగులు మీద దానికి పెద్దగా పట్టు లేదు. అంటే ఆ ప్యాకెట్‌లో బూడిద తెగులుకు మిగిలేది కార్బెండజిమ్ ఒక్కటే, దానికి మా తోటలో శిలీంధ్రం ఎప్పుడో లొంగడం మానేసింది.

మానేసిందని ఎలా చెప్పగలను అని మీరు అడగవచ్చు. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన మార్గరెట్ మెక్‌గ్రాత్ అనే శాస్త్రవేత్త చాలా ఏళ్లు వాడిన ఒక పద్ధతిని మా అబ్బాయి ఫోనులో చదివి నాకు తెలుగులో చెప్పాడు. కుండీల్లో పెంచిన లేత మొక్కల మీద వేర్వేరు మందులు కొట్టి, వాటిని తెగులున్న పొలంలో కొంతసేపు ఉంచి, తర్వాత ఏ మందు కొట్టిన మొక్కకు తెగులు పట్టిందో చూస్తారు. అదే నేను పోయిన చలికాలం చేశాను. పాత టీ గ్లాసుల్లో కీరదోస గింజలు వేసి, రెండు నిజమైన ఆకులు వచ్చాక ఐదేసి గ్లాసుల చొప్పున ఐదు వరుసలు పెట్టాను. ఒక వరుసకు ఉత్త నీళ్లు, ఒక వరుసకు కార్బెండజిమ్, ఒకదానికి అజాక్సీస్ట్రోబిన్, ఒకదానికి హెక్సాకోనజోల్, ఒకదానికి నీటిలో కరిగే గంధకం, అన్నీ లేబుల్ మీద చెప్పిన డోసులోనే, పాలీహౌస్‌కు దూరంగా, ఒకదాని తుంపర మరొకదాని మీద పడకుండా కొట్టాను. ఆరిన మర్నాడు పొద్దున తెగులున్న వరుసల మధ్య పెట్టి సాయంత్రానికి తీసి ఇంటి వరండాలో పెట్టాను. రోజూ చూసి రాసుకున్నాను. వారానికల్లా నీళ్ల గ్లాసుల్లో మచ్చలు మొదలయ్యాయి. అదే రోజు కార్బెండజిమ్ గ్లాసుల్లోనూ మొదలయ్యాయి, అజాక్సీస్ట్రోబిన్ గ్లాసుల్లోనూ మొదలయ్యాయి. పదో రోజున ఆ మూడు వరుసలను కలిపేసి ఏది ఏదో చెప్పమంటే నేను చెప్పలేకపోయేవాడిని. హెక్సాకోనజోల్ మొక్కలకు మచ్చలు ఆలస్యంగా, చిన్నవిగా వచ్చాయి, కాని వచ్చాయి. గంధకం కొట్టిన ఐదింటిలో ఒక్కదానికే, మందు సరిగా అందని ఆకు అడుగున ఒక మచ్చ కనిపించింది.

ఇది ప్రయోగశాల పరీక్ష కాదని నాకు తెలుసు. ఐదు గ్లాసులతో జిల్లా సంగతి చెప్పలేం. కాని నా తోటలో వచ్చే ఏడు ఏ మందు మీద రూపాయి ఖర్చు పెట్టకూడదో చెప్పడానికి అది చాలింది. ఖర్చు గింజలు, గ్లాసులు, పది రోజుల ఓపిక.

గంధకం గురించి కూడా ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. అది శిలీంధ్రంలో ఒక్క చోట కాక చాలాచోట్ల దెబ్బ కొడుతుంది, అందుకే ఇంతకాలం వాడినా దానికి తెగులు అలవాటు పడలేదు. ఫ్రాక్ పట్టికలో అది ఎం 02. అయితే అది మచ్చ రాకముందు గాని, తొలి మచ్చకు గాని కొట్టవలసినది, తోటంతా తెల్లబడ్డాక కాదు. ఎండ 32 డిగ్రీలు దాటే రోజుల్లో ఆకు మాడుతుంది, అందుకే చలికాలంలో సాయంత్రం పూట, ముందు నాలుగు మొక్కల మీద కొట్టి చూసి వాడాలి. వేపనూనె కొట్టిన రెండు వారాల లోపు కొట్టకూడదు. ఇంకొకటి దుకాణాల్లో చెప్పనిది: గంధకం పాలీహౌస్ పైకప్పు షీటులో ఎండను తట్టుకోవడానికి కలిపిన పదార్థాన్ని పాడుచేస్తుంది. షీటు మీద పడకుండా నాజిల్ వంచి కొట్టకపోతే 200 మైక్రాన్ల షీటు గడువుకు ముందే చిట్లుతుంది. అందుకని నేను గంధకాన్ని ఒక్కదాన్నే నమ్ముకోలేదు. అడుగు ముదురు ఆకులను వారం వారం కోసి, అక్కడికక్కడే సంచిలో మూటకట్టి బయటికి తీసి పూడుస్తున్నాను. పూర్వం వాటిని పాలీహౌస్ గుమ్మం పక్కనే కుప్ప వేసేవాళ్లం. బ్రెజిల్‌లో బెట్టియోల్ అనే శాస్త్రవేత్త 1999లో పాలు నీళ్లలో కలిపి గాజు ఇంట్లోని జుకిని గుమ్మడి మీద కొట్టి బూడిద తెగులు తగ్గించవచ్చని చూపించారు, పది శాతం పాలు, ఆపైన బాగా పనిచేశాయని. ఇంట్లో ఆవు ఉన్నవారు కొన్ని వరుసల మీద కొట్టి చూడవచ్చు. బూడిద తెగులును తట్టుకునే రకాల విత్తనం కొంచెం ఖరీదైనా ఈసారి అదే తెచ్చాను.

కొత్త గ్రూపుల మందులు రావడం లేదా అంటే వస్తున్నాయి. గ్రూపు 7 మందులు, మరికొన్ని, ఒక్కొక్కటిగా మన దుకాణాలకు చేరుతున్నాయి. వాటిని కూడా నేను అజాక్సీస్ట్రోబిన్‌ను వాడినట్టే వాడితే, అంటే ఒకసారి బాగా పనిచేసిందని వరుసగా అదే కొడితే, వాటి గతీ అంతే. పంటకు ఒకసారి, ఎక్కువైతే రెండుసార్లు, అదీ వెంట వెంటనే కాకుండా, మధ్యలో వేరే గ్రూపు పెట్టి కొట్టాలి. ఆ లెక్క పెట్టుకోవాలంటే మళ్లీ గ్రూపు సంఖ్య కావాలి.

ఈ మందుల లెక్క కేవలం రైతు జేబు లెక్క కాదు. కీరదోసను వండుకోరు, తొక్కతో సహా పచ్చిగా తింటారు. పాలీహౌస్‌లో రోజు మార్చి రోజు కోత ఉంటుంది. పిచికారీకీ కోతకూ మధ్య ఇన్ని రోజులు ఆగాలని లేబుల్ చెబుతుంది, వారానికి రెండుసార్లు కొట్టే చోట ఆ ఎడం ఎవరికీ కుదరదు. నేను పదిసార్లు కొట్టిన ఆ ఏడు కాయలు మా ఇంట్లో తినలేదు. మార్కెట్‌కు మాత్రం పంపాను. ఆ మాట రాయడం కష్టంగానే ఉంది. పనిచేయని మందును ఎక్కువసార్లు కొట్టడం వల్ల వచ్చిన తప్పు అది. ఏ మందు పనిచేయదో ముందే తెలిసి ఉంటే అందులో సగానికి పైగా పిచికారీలు అసలు జరిగేవే కావు.

మా పాలీహౌస్‌లో తయారైన లొంగని శిలీంధ్రం లోపలే ఉండిపోదు కూడా. ఇదే బూడిద తెగులు గుమ్మడి, సొర తీగలనూ పడుతుంది. మా ఊళ్లో ప్రతి ఇంటి పెరట్లో, గుడిసెల కప్పుల మీద ఆ పాదులే. తలుపు తీసిన ప్రతిసారీ బీజాలు వాటి మీదికి వెళతాయి, అక్కడి నుంచి మళ్లీ లోపలికి వస్తాయి. ఒక్క రైతు జాగ్రత్తపడితే చాలకపోవడానికి అదే కారణం.

అందుకని మీ పత్రికకు నా విన్నపం ఇది. వ్యవసాయ పేజీలో శిలీంధ్రనాశని పేరు రాసిన ప్రతిచోటా పక్కనే గ్రూపు సంఖ్య వేయండి: హెక్సాకోనజోల్ (గ్రూపు 3), అజాక్సీస్ట్రోబిన్ (గ్రూపు 11) అని. రెండు అక్షరాల చోటు పడుతుంది, అంతే. సలహా రాసే శాస్త్రవేత్తలను ఒక గ్రూపులోని మందులను ప్రత్యామ్నాయాలుగా చూపవద్దని, వేర్వేరు గ్రూపుల వరుస ఇవ్వమని అడగండి. నా దగ్గర ఉన్న డబ్బాలూ ప్యాకెట్లూ అన్నీ తిరగేసి చూశాను; విషతీవ్రత చెప్పే రంగు గుర్తు అన్నిటి మీదా ఉంది, గ్రూపు సంఖ్య మాత్రం చాలావాటి మీద కనిపించలేదు. కనిపించిన చోట కూడా మూలన, భూతద్దం పెట్టుకుని చూడవలసినంత చిన్నగా ఉంది. రంగు గుర్తు ఎంత పెద్దగా వేస్తారో ఈ సంఖ్యా అంత పెద్దగా, అంకెలో వేయాలి. మామూలు 3, 11 లాంటి అంకెను ఒడియా, తెలుగు, హిందీ ఏది చదివేవారైనా గుర్తుపడతారు. మందుల దుకాణాల వారికి హైదరాబాద్‌లోని వ్యవసాయ విస్తరణ శిక్షణ సంస్థ మేనేజ్ 2003 నుంచి నడుపుతున్న ఏడాది డిప్లొమాలో ఈ గ్రూపుల పట్టిక నేర్పి, బిల్లు మీద బ్రాండు పేరుతోపాటు గ్రూపు అంకె రాయించగలిగితే రైతు ఇంట్లో ఉన్న బిల్లులే పిచికారీ పుస్తకం అవుతాయి.

గుణుపురంలో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది, అటు ఆంధ్రప్రదేశ్‌లో ఆమదాలవలసలోనూ, రస్తాకుంటుబాయిలోనూ ఉన్నాయి. మూడూ మాకు బస్సు ప్రయాణం దూరంలోనివే. గ్లాసుల పరీక్ష ప్రతి కార్తీకంలో పది పాలీహౌస్‌లలో వారు పెట్టి, ఏ గ్రూపు మందు ఏ మండలంలో, ఏ బ్లాకులో పనిచేయడం లేదో మీ పత్రికలో ఒక చిన్న పట్టికగా వేయిస్తే, సరిహద్దుకు రెండు పక్కలా రైతులు ఆ ఏడు కొనవలసిన మందు అది చూసి కొంటారు. ఒకే గాలి కింద ఉన్న తోటలకు రెండు రాష్ట్రాల వారు విడివిడిగా, ఒకరు చెప్పినది ఒకరికి తెలియకుండా సలహాలివ్వడం ఇప్పటివరకు జరిగింది.

ఈ ఏడు నారు పోసినప్పుడే ముప్పై ఐదు గ్లాసుల్లో అదనంగా గింజలు వేశాను. ఈసారి గ్రూపు 7 మందుకూ, పాలకూ ఒక్కో వరుస పెట్టి, గ్రూపు 3 నుంచి హెక్సాకోనజోల్ బదులు డైఫెనోకోనజోల్ పెడుతున్నాను. మూడేళ్ల పిచికారీ తేదీలు, మందుల పేర్లు, గ్లాసుల లెక్కలు ఉన్న నోటుపుస్తకం నా దగ్గర ఉంది. ఏ కేంద్రం శాస్త్రవేత్తలు అడిగినా ఇస్తాను, తోటలోకి వచ్చి తెగులు ఆకులు తీసుకువెళతామన్నా సంతోషంగా కోసి ఇస్తాను.

ఇట్లు,
ఒక కీరదోస రైతు,
గుణుపురం, రాయగడ జిల్లా, ఒడిశా.